ఆంటోనీ అసలు ఎంత మాట్లాడాడు?

షేక్‌స్పియర్ ‘జూలియస్ సీజర్’ చదివినవాళ్లు ఆంటోనీ సంతాప ప్రసంగాన్ని మరిచిపోరు. సీజర్ హంతకులను మర్యాదస్తులంటూనే వాళ్లమీదికి జనాన్ని ఉసిగొల్పుతాడు. 1599 నాటి ఆ నాటకాన్ని పక్కనపెట్టి రోమన్ చరిత్రకారుడు సూటోనియస్‌ను తెరిస్తే మాత్రం పెద్ద పేచీ. ఆయన లెక్కన ఆంటోనీ ప్రసంగమంటూ చెయ్యనేలేదు! సీజర్‌కు సెనేట్ ప్రకటించిన గౌరవాల తీర్మానాన్ని, ఆయన ప్రాణం కాపాడతామని సభ్యులు చేసిన ప్రమాణాన్ని చాటింపు వేసేవాడిచేత చదివించి, తాను నాలుగు మాటలు కలిపాడట, అంతే.

మరి జనం ఎందుకు రెచ్చిపోయారు?

వీలునామా వల్లనా? పౌరులకు తలా 300 సెస్టర్సులు, టైబర్ నది దగ్గరి తోటలు రాశాడు సీజర్. కానీ దాన్ని అంతకుముందే ఆంటోనీ ఇంట్లో విప్పి చదివేశారు. జనం ముందు దాన్ని చూపించి, చదవనని ఊరించడం షేక్‌స్పియర్ చమత్కారం. నాటకానికి ప్రాణం, సాక్ష్యంగా దండగ.

ఇక రోమన్ వక్త సిసిరో. ఆ రోజులు కళ్లారా చూసినవాడు. అదే ఏడాది, క్రీ.పూ. 44లో, ఆంటోనీపై విరుచుకుపడుతూ రాసిన ప్రసంగం, రెండో ఫిలిప్పిక్‌లో ఊళ్లో నిప్పు రాజేసింది నీ సంతాప ప్రసంగమేనని ఆంటోనీని దుయ్యబట్టాడు. శత్రువు మాట కనుక కొంత తరుగు తియ్యాల్సిందే. అయినా ఊరంతా విన్న సంగతి, జరగనిదాన్ని జరిగిందని రాస్తే నమ్మేదెవరు?

ముడి వదులయ్యేది రెండో శతాబ్దపు చరిత్రకారుడు అప్పియన్ దగ్గర. ఆయన కథనంలోనూ ఆంటోనీ చదివింది ఆ తీర్మానాలే, ఆ ప్రమాణమే. ఒక్కో గౌరవం దగ్గర ఆగి, శవంవైపు చెయ్యి చూపి, ఓ మాట విసురుతాడు. తర్వాత నెత్తుటి వస్త్రాన్ని ఈటె మొనకు తగిలించి ఎత్తుతాడు. 23 గాయాలున్న మైనపు బొమ్మను జనానికి అన్నివైపులా తిప్పి చూపిస్తారు. అప్పియన్ రాసిన మాటలు అక్షరాలా ఆంటోనీవని నేననను. బొమ్మ సంగతీ కొంచెం రంగు పూసినట్టే ఉంది. కానీ లోపలి అస్థిపంజరం సూటోనియస్ చెప్పినదే.

ఇంత చాటు దేనికంటే, హత్య జరిగిన రెండు రోజులకే సెనేట్ హంతకులకు క్షమాభిక్ష పెట్టింది. అందులో కాన్సుల్ ఆంటోనీ చెయ్యీ ఉంది. నేరుగా నిందిస్తే తన మాట తానే తప్పినట్టు. అందుకే సెనేటర్ల ప్రమాణాన్నే చదివించాడు. అలా ఒట్టు పెట్టినవాళ్లలోనే కత్తులు దూసినవాళ్లూ ఉన్నారు. ఇక విడిగా నిందించే పనేముంది?

కాబట్టి సూటోనియస్ చెప్పిన ‘కొద్ది మాటలూ’ నిజమే, సిసిరో తిట్టిన ప్రసంగమూ నిజమే. రెండూ ఒకటే.