ఇచ్చిపుచ్చుకున్న రెండు ఊళ్ళు

ఆర్మేనియా అనగానే మనవైపు పెద్దలకు చెన్నపట్నపు అర్మేనియన్ వీధి తలపునకు వచ్చేది. ఆర్మేనియను భాషలో తొలి పత్రిక ‘అజ్దరార్’ 1794లో వెలువడినది ఆ పట్నంలోనే. అది సముద్రాలు దాటిన వర్తకుల చరిత్ర. నేను చెప్పబోయేది పత్రికలకూ వర్తకానికీ సంబంధం లేని ఒక కొండపల్లె కథ.

ఆ పల్లె పేరు జ్యునషోఘ్. ఆర్మేనియాకు ఉత్తరాన, లోరీ మండలంలో, జార్జియా సరిహద్దుకు చేరువగా ఉన్నది. ‘జ్యున్’ అంటే మంచు, ‘షోఘ్’ అంటే కిరణం. ఈ ‘జ్యున్’ మన ‘హిమ’ శబ్దానికి దాయాది అని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. నావంటి పాతకాలపు పండితునికి అదొక చిన్న సంతోషం. అయితే ఈ పేరు ఊరికి పుట్టుపేరు కాదు. 1989 వరకు అక్కడ నివసించినవారు అజర్‌బైజానీ ముస్లిములు. వారి కాలంలో ఆ ఊరు కిజిల్ షఫగ్. ‘కిజిల్’ అంటే ఎరుపు. ఉర్దూ తెలిసినవారికి ‘షఫక్’ కొత్త మాట కాదు, ఆకాశంలోని సంధ్యారుణిమ.

ఎర్రని సంధ్య మంచుకిరణంగా మారిన తీరు తెలియాలంటే 1988కి వెళ్ళాలి. కరాబాఖ్ ఎవరిదన్న వివాదం ఆ సంవత్సరం ఫిబ్రవరిలో రగిలింది. అదే నెల చివర అజర్‌బైజాన్‌లోని సుమ్గాయిత్ పట్టణంలో ఆర్మేనియనులపై హత్యాకాండ జరిగింది. సంవత్సరాంతానికి ఇటు ఆర్మేనియా నుంచి అజర్‌బైజానీలు, అటు అజర్‌బైజాన్ నుంచి ఆర్మేనియనులు లక్షల సంఖ్యలో ఇళ్ళు విడిచారు. డిసెంబరు 7న స్పితాక్ భూకంపం లోరీ మండలాన్నే కుదిపివేసి, సుమారు 25,000 మందిని బలిగొన్నది. చాలామంది చేతికందినది పట్టుకొని, వెనుదిరిగి చూడకుండా పోయినవారే.

అజర్‌బైజాన్‌లోని షమాఖి ప్రాంతంలో కెర్కెంజ్ అనే ఆర్మేనియను గ్రామం ఉండేది. షమాఖి ద్రాక్షకు పేరుపొందిన సీమ. అక్కడి ఒక ఊరి పేరే ‘మద్రాసా’ అనే నల్లద్రాక్ష జాతికి పేరైనది. ఆర్మేనియను నవలాకారుడు షిర్వాన్‌జాదే 1858లో పుట్టినదీ షమాఖిలోనే. కెర్కెంజ్ వారికి ఇక నిలువలేమని తెలిసింది. కాని వారు పారిపోలేదు. తమవలెనే ఊరు విడువవలసి వచ్చిన అజర్‌బైజానీ గ్రామం ఏదని ఆర్మేనియాలో వెదికారు. అట్లా దొరికినది కిజిల్ షఫగ్. ఇటువారు అటు వెళ్ళి చూచారు, అటువారు ఇటు వచ్చి చూచారు. ఇంటికి ఇల్లు మాట్లాడుకున్నారు. 1989 వేసవిలో ఊరికి ఊరే ఇచ్చిపుచ్చుకున్నారు. ఇది మాస్కో వేసిన పథకం కాదు, పల్లెవారు తమలో తాము కుదుర్చుకున్న ఒప్పందం.

ఆ ఒప్పందంలో ఇళ్ళ కన్న, పొలాల కన్న బరువైన షరతు ఒకటి ఉన్నది: మా సమాధులను మీరు కాపాడండి, మీ సమాధులను మేము కాపాడతాము. ఇల్లు ఎక్కడైనా కట్టుకోవచ్చు, పశువులను తోలుకుపోవచ్చు. తాతముత్తాతలను మాత్రం బండి మీద వేసుకొని పోలేరు గదా! దీనిని కేవలం ఔదార్యమని నేను అనను. ఒకరి పితరులు మరొకరి చేతిలో తాకట్టుగా ఉన్నారు. కాని తాకట్టుకైనా వచ్చి చూచుకొనే వీలుండాలి. 1991లో సోవియట్ రాజ్యమే పోయింది, 1994 వరకు యుద్ధం సాగింది, సరిహద్దు మూసుకుపోయింది. ఎదుటివాడు మాట నిలుపుకున్నాడో లేదో వెళ్ళి చూచుకొనే దారి ఉభయులకూ లేకపోయింది. ఆ తరువాతి సంవత్సరాలలో ఉభయ దేశాల పరిశోధకులు ఎవరి వైపు ఊరిని వారు పరిశీలించి, ఇద్దరి పరిశోధననూ కలిపి 2012లో గ్రంథంగా వెలువరించారు. శ్మశానాలు రెండూ నిలిచే ఉన్నవి. ఇదే వైరంలో నఖిచెవాన్‌లోని జుల్ఫా ఆర్మేనియను శ్మశానపు చెక్కుడు శిలువరాళ్ళను 2005 డిసెంబరు నాటికి పూర్తిగా నేలమట్టం చేశారు. ఆర్మేనియాలో విడిచిపోయిన అజర్‌బైజానీ శ్మశానాలు కూడ అనేకం పాడుపడినవి. ఆ నేపథ్యంలో చూస్తే ఈ రెండు పల్లెల మాట ఎంతటిదో తెలుస్తుంది.

మాట నిలిచిందని బ్రతుకు సుఖపడలేదు. ద్రాక్షతోటల సీమ నుంచి వచ్చినవారికి దక్కినది దీర్ఘశీతకాలపు ఎత్తైన పీఠభూమి. చేరువలోని టాషిర్ పట్టణం 1500 మీటర్ల ఎత్తున ఉన్నది. దానిని 19వ శతాబ్దంలో నెలకొల్పినవారు మొలకానులనే రష్యను మతభేదులు. ఆ నేలకు వలసవారు కొత్తకాదు. అక్కడ పండేది బంగాళదుంప, పెరిగేది గడ్డి, ఆధారం పశువులు. తీగలు కత్తిరించే విద్య తెలిసిన చేతులు పాలు పితకడం నేర్చుకోవలసి వచ్చింది. సోవియట్ కాలపు సమష్టి వ్యవసాయం కూలగానే పనులు తరిగినవి. పడుచువారిలో చాలామంది రష్యాకు పోయారు. రెండుసార్లు ఊరు మారిన కుటుంబాలను శరణార్థులనాలో, వలసకూలీలనాలో తేల్చి చెప్పడం కష్టం.

ఇప్పుడు జ్యునషోఘ్‌లో శ్మశానాలు రెండు. ఒకటి కిజిల్ షఫగ్ వారు అప్పగించి వెళ్ళినది. రెండవది 1989 తరువాత మొదలైనది, కెర్కెంజ్‌లో పుట్టినవారిది. అది ఏటేటా పెరుగుతున్నది.