తాకట్టు మారిన క్రమం: చండ్రుగొండ – పాల్వంచ అటవీ ప్రాంతంలో అప్పు చరిత్ర

గిరిజనుల రుణగ్రస్తతపై వచ్చిన రచనలు ఎక్కువగా వడ్డీరేటు చుట్టూ తిరుగుతాయి. ఖమ్మం – భద్రాచలం అటవీ సరిహద్దులోని చండ్రుగొండ ప్రాంతాన్ని పరిశీలిస్తే అంతకన్నా ముఖ్యమైన ప్రశ్న మరొకటి ఎదురవుతుంది. అప్పుకు తాకట్టుగా ఏది నిలిచింది? మనిషి, భూమి, పంట, ఇరుగుపొరుగు ఒక్కో దశలో తాకట్టు అయ్యాయి. ప్రతి మార్పు వెనుకా ఒక చట్టం ఉంది.

గోదావరి రెండు ఒడ్డులకూ చాలాకాలం రెండు వేర్వేరు న్యాయాలుండేవి. భద్రాచలం 1860లో నిజాం చేతి నుంచి బ్రిటిషు పాలనలోకి, 1874లో సెంట్రల్ ప్రావిన్సెస్ నుంచి మద్రాసు రాష్ట్రంలోకి వెళ్లింది. చండ్రుగొండ ఉన్న పాల్వంచ వైపు నిజాం రాజ్యంలోనే మిగిలింది. 1879 నాటి రంపా తిరుగుబాటుకు మైదాన వ్యాపారులు కోర్టు డిక్రీలతో కొండవాసుల ఆస్తులు జప్తు చేయించడం కూడా ఒక కారణం. ఆ తర్వాత చాలా ఏళ్లకు, 1917లో, మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ ప్రాంతాల వడ్డీ, భూబదిలీ చట్టం తెచ్చింది. కొండజాతుల వారిపై నూటికి ఏడాదికి 24కు మించి వడ్డీ, చక్రవడ్డీ చెల్లవనీ, మొత్తం వడ్డీ అసలును దాటరాదనీ అది నిర్దేశించింది. ఏజెంటు అనుమతి లేకుండా వారి భూమిని ఇతరులకు బదిలీ చేయడం కూడా కుదరదు. నది ఈవలి ఒడ్డున అప్పటికి అలాంటి రక్షణ లేదు.

అయితే ఆవలి ఒడ్డు చట్టం కూడా డబ్బు అప్పునే ప్రధానంగా చూసింది. అడవి పల్లెల్లో అసలైన అప్పు గింజల్లో నడిచేది. దాన్నే నాగు అన్నారు. ఆషాఢంలో ఒక పుట్టి తీసుకుంటే పంట కల్లంలో ఒకటిన్నర కొలవాలి. ఆరునెలలకు సగం వడ్డీ అంటే ఏడాది లెక్కకు నూటికి నూరు. ధాన్యం ప్రియమైన వానాకాలంలో ఇచ్చిన గింజలను రూపాయల్లోకి మార్చి పద్దు రాసి, ధర పడిపోయిన కోతల వేళ ఆ రూపాయలను తిరిగి గింజల్లో రాబట్టుకుంటే వడ్డీ అన్న మాట పలకకుండానే లాభం రెట్టింపవుతుంది. కొలపాత్రా, పద్దు పుస్తకమూ రెండూ షావుకారువే. కోయలు బాకీని నమ్మకంగా తీర్చడాన్ని పలువురు అమాయకత్వమన్నారు. ఇది తొందరపాటు తీర్పు. బాకీ ఎగ్గొట్టిన ఇంటికి మరుసటి వానాకాలం గింజలు పుట్టవు. చెల్లింపు అంటే వచ్చే ఏటి తిండికి దారి తెరిచి ఉంచుకోవడం.

గింజలతోనూ తీరనప్పుడు మనిషే తాకట్టయ్యేవాడు. హైదరాబాదు సంస్థానంలో దీని పేరు భగేలా. పెళ్లికో కరువుకో తీసుకున్న కొద్ది మొత్తానికి జీతగాడిగా చేరినవాడికి కూలి నామమాత్రం కావడంతో అసలు కరగదు, తండ్రి బాకీ కొడుకు నెత్తికెక్కుతుంది. 1936లో భగేలా కరారుల రెగ్యులేషను వచ్చినా, చదువురాని జీతగాడు తాలూకా కచేరీ దాకా వెళ్లి యజమానిపై ఫిర్యాదు చేస్తాడనుకోవడం కాగితం మీది ఊహ. గోదావరి గట్టు కొండల్లో పరిశోధించిన హైమన్‌డార్ఫ్ 1945లో వెలువరించిన కొండరెడ్ల గ్రంథంలో, వెదురు, కలప వ్యాపారులు అప్పుల లెక్కలతో శ్రమను కట్టివేసిన తీరును నమోదు చేశాడు. తెలంగాణ సాయుధ పోరాటంలో అప్పుపత్రాలను తగలబెట్టడానికి ఇదే నేపథ్యం. కాగితం కాలితే మనిషి విడుదలవుతాడన్నది అక్షరాలా నిజమైన లెక్క.

స్వాతంత్ర్యానంతరం రక్షణలు వరుసకట్టాయి. 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడి అటవీ ఉత్పత్తులు కొనడం, నిత్యావసరాలు అమ్మడం చేపట్టింది. 1959 నాటి భూబదిలీ రెగ్యులేషనును 1963లో తెలంగాణకు విస్తరింపజేశారు. 1960లో ఏజెన్సీ వడ్డీ వ్యాపారులకు లైసెన్సు విధిస్తూ ఒకటి, గిరిజన రుణ విముక్తికి మరొకటి రెగ్యులేషన్లు వెలువడ్డాయి. 1970 నాటి సవరణ షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులకు భూబదిలీని పూర్తిగా నిషేధించింది. 1976లో వెట్టిచాకిరి నిర్మూలన చట్టం వచ్చింది. మనిషినీ భూమినీ తాకట్టు నుంచి చట్టం తప్పించింది. అప్పు అవసరం మాత్రం తీరలేదు.

దాంతో తాకట్టు పంటపైకి జరిగింది. పత్తి, మిర్చి విస్తరించాక విత్తనం, ఎరువు, పురుగుమందు అరువుగా ఇచ్చే దుకాణదారే కొత్త షావుకారు. పంటను తనకే అమ్మాలన్నది నోటిమాట షరతు. ధరలో కోత, తూకంలో తరుగు వడ్డీకి తోడవుతాయి. లైసెన్సు చట్టం దీన్ని అప్పుగా గుర్తించడం కష్టం. పైకి ఇది అరువు బేరమే.

పొదుపు సంఘాలతో తాకట్టు మళ్లీ మారింది. ఆస్తి లేని స్త్రీకి తోటి సభ్యులే హామీ. పావలా వడ్డీ పథకం భారాన్ని తగ్గించింది. అదే సామూహిక హామీని సూక్ష్మరుణ సంస్థలు వారం వారం వసూళ్లకు వాడుకోవడంతో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం 2010 అక్టోబరులో ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. పొరుగింటి ముందు పరువు పోతుందన్న భయం ఒక వాయిదా కట్టడానికి మరో చోట అప్పు చేయించింది.

2006 అటవీ హక్కుల చట్టం కింద ఇచ్చిన పట్టా వారసత్వంగా దక్కుతుంది, అన్యాక్రాంతం కాదు. ఆ నిబంధన లేకుంటే పోడుభూమి మిగిలేది కాదన్నది నిస్సందేహం. పట్టా అందని సాగుదారుకు మాత్రం బ్యాంకు పంటరుణం అందని పండే. అతడు వానలకు ముందే దుకాణం మెట్లెక్కుతాడు. 2014లో లక్ష రూపాయల వరకు, 2024లో రెండు లక్షల వరకు తెలంగాణ ప్రభుత్వం ప్రకటించిన మాఫీలు బ్యాంకు, సహకార సంఘాల పంటరుణాలకు పరిమితం. దుకాణం పద్దులో అతని పేరిట ఉన్న బాకీ ఆ జాబితాల్లో కనిపించదు.