తలకు గాయమైతే.. తొలి కొలతలే కీలకం

మచిలీపట్నం: రహదారి ప్రమాదంలో తలకు తీవ్ర గాయమైన వ్యక్తి కోలుకుంటాడా లేదా అన్నది గాయం తీవ్రత ఒక్కదానిపైనే ఆధారపడదు. ఆసుపత్రికి చేరే సమయానికి స్పృహ, రక్తపోటు, శ్వాస, నాడి ఎలా ఉన్నాయన్నదీ ముఖ్యమే. శస్త్రచికిత్స కోసం విజయవాడకు తరలించాల్సి వస్తే బందరు నుంచి సుమారు 70 కిలోమీటర్లు, గుడివాడ నుంచి 40 కిలోమీటర్లకు పైగా ప్రయాణించాలి. దివిసీమ వాసులకు కరకట్ట దారి ఒక మార్గం. అందుకే దగ్గరి ఆసుపత్రిలో తీసే తొలి కొలతలకు అంత విలువ.

స్పృహకు కొలమానం
గ్లాస్గో నగర వైద్యులు టీస్‌డేల్, జెనెట్ 1974లో రూపొందించిన కొలమానమే నేటికీ ప్రామాణికం. కళ్లు తెరవడానికి 4, మాటకు 5, కదలికకు 6 చొప్పున గరిష్ఠంగా 15 మార్కులు, కనిష్ఠంగా 3. ఎనిమిది, అంతకు తగ్గితే తీవ్ర గాయంగా పరిగణిస్తారు. క్షతగాత్రుడు మద్యం సేవించి ఉంటే మత్తులో ఉన్నాడని వదిలేయడం ప్రమాదకరం.

90 దిగువన ముప్పు
రక్తపోటు పై అంకె ఒక్కసారి 90 కన్నా తగ్గినా మరణించే ముప్పు దాదాపు రెట్టింపవుతుందని అమెరికాలో 717 మంది క్షతగాత్రులపై జరిపి, 1993లో ప్రచురించిన అధ్యయనం తేల్చింది. 15-49 ఏళ్ల వారికి, 70 దాటిన వారికి 110, 50-69 ఏళ్ల వారికి 100 కన్నా తగ్గకుండా చూడాలని 2016 నాటి అమెరికా మార్గదర్శకాలు సూచించాయి. పెద్దల్లో తల గాయం ఒక్కటే సాధారణంగా రక్తపోటును తగ్గించదు. తగ్గిందంటే ఛాతీ, కడుపు, తొడ ఎముకల వద్ద రక్తస్రావం ఉందేమో వెదకాలి. రక్తంలో ప్రాణవాయువు 90 శాతం కన్నా పడిపోవడమూ మెదడుకు చేటే.

ఇందుకు భిన్నంగా రక్తపోటు పెరుగుతూ, నాడి నెమ్మదించి, శ్వాస లయ తప్పితే పుర్రె లోపల ఒత్తిడి ప్రమాదస్థాయికి చేరినట్లు భావించాలి. ఒక కనుపాప పెద్దదై వెలుతురుకు స్పందించకపోవడమూ అటువంటి హెచ్చరికే.

చేయవలసినవి
వెంటనే 108కు ఫోన్ చేయాలి. మెడ కదలనీయరాదు. నీరు తాగించరాదు. వాంతి అయితే తల, మెడ, నడుము ఒకే వరుసలో ఉంచి పక్కకు తిప్పాలి. ప్రమాదం జరిగిన వేళ, స్పృహ తప్పిన వేళ గుర్తుంచుకుని వైద్యునికి చెప్పాలి. పెద్దాసుపత్రికి పంపేటప్పుడు తొలి కొలతలు, అవి తీసిన సమయం చీటీపై రాయించుకోవాలి. అక్కడి వైద్యులు పరిస్థితి మెరుగవుతున్నదో, దిగజారుతున్నదో వాటితో పోల్చి తెలుసుకుంటారు. సదుద్దేశంతో ఆదుకున్న వారికి 2019 మోటారు వాహనాల సవరణ చట్టం రక్షణ కల్పిస్తోంది. కేసుల భయంతో వెనుకాడనవసరం లేదు.