కారుమబ్బు పుట్టుక

భరణి కార్తెలో బళ్లారి జిల్లా కుడతిని ఎండ అడుగు బయట పెట్టనివ్వదు. బళ్లారి-హోసపేట రోడ్డుకు అటూ ఇటూ నల్లరేగడి నెర్రెలు విచ్చి ఉంటుంది. మధ్యాహ్నం మూడు దాటాక థర్మల్ కేంద్రం పొగగొట్టాలకు అవతల, సండూరు కొండల వైపు, కాలీఫ్లవర్ లాంటి తెల్లమబ్బు ఒకటి లేస్తుంది. చూస్తుండగానే పైపైకి పెరుగుతుంది, అడుగు నల్లబడుతుంది. సాయంత్రానికి దుమ్ము రేపుకుంటూ ఈదురుగాలి, దాని వెనకే లావు చినుకులు. ‘భరణి కురిస్తే ధరణి పండును’ అని పెద్దలు ఊరికే అనలేదు. ఆ ఒక్క వానకు నేల పదునెక్కితే రైతు దుక్కి దున్ని సిద్ధంగా ఉంటాడు.

ఈ మబ్బు సముద్రం మీద తయారై వచ్చేది కాదు, ఈ నేల వేడికే పుడుతుంది. మార్చి నుంచి మే దాకా విదర్భ నుంచి కర్ణాటక లోపలి జిల్లాల మీదుగా తమిళనాడు వరకు తరచూ గాలుల ద్రోణి ఏర్పడుతుంది. బంగాళాఖాతం తేమ, అరేబియా సముద్రం తేమ ఈ గీత దగ్గర కలుస్తాయి. కాగిన నేల ఆ తేమగాలిని పైకి నెడుతుంది. పైకి పోయేకొద్దీ ఆవిరి చల్లబడి నీటిబొట్లుగా మారుతుంది. అలా మారేటప్పుడు విడుదలయ్యే వేడి గాలిని ఇంకా పైకి తోస్తుంది. మబ్బుకు బలం అక్కడిదే. మన ప్రాంతంలో ఇలాంటి మబ్బు తల 15 కిలోమీటర్లు దాటి వెళ్లగలదు. ఇక పైకి పోయే దారి లేక అక్కడ కమ్మరి దాగలిలా చదునుగా పరుచుకుంటుంది.

సుమారు 5 కిలోమీటర్ల ఎత్తు దాటితే అంతా గడ్డకట్టే చలి. వడగళ్లు పెరిగేది అక్కడే. ఎండాకాలంలో రాలిన వడగల్లును రెండుగా కోసి చూడండి. ఒక పొర పాలలా తెల్లగా, దాని మీది పొర అద్దంలా తేటగా, మళ్లీ తెల్లగా ఉంటుంది. ఒక్కో పొర ఒక్కో రకం చలిలో, ఒక్కో రకం తేమలో పేరుకున్నది. ఆ ఎత్తులో మంచు గుళికలు, మంచు స్ఫటికాలు ఒకదానికొకటి రాసుకున్నప్పుడే విద్యుదావేశం విడిపోతుంది. మెరుపుకు మూలం ఆ రాపిడి.

మబ్బులకు శాస్త్రీయమైన పేర్లు పెట్టిన పద్ధతి 1802 నాటిది. లండన్‌లో మందుల తయారీ వృత్తిగా ఉన్న ల్యూక్ హోవర్డ్ ఆ ఏడాది డిసెంబరులో చేసిన ఉపన్యాసంలో సిర్రస్, క్యుములస్, స్ట్రాటస్, నింబస్ పేర్లు ప్రతిపాదించాడు. ఉరుముల మబ్బును క్యుములోనింబస్ అనడం 1880లో మొదలైంది. మబ్బు జీవితచక్రం తెలియడానికి మాత్రం విమానాలు రావలసి వచ్చింది. 1946, 47 సంవత్సరాల్లో అమెరికా శాస్త్రజ్ఞులు ఉరుముల మబ్బుల్లోకి విమానాలు నడిపించి, మబ్బు మూడు దశల్లో ఎదిగి, ముదిరి, చెదిరిపోతుందని తేల్చారు. ఒంటరి మబ్బుకు ఆయుష్షు గంట, మహా అయితే అంతకు కొంచెం ఎక్కువ.

మెరుపు చరిత్రలో మన దేశానికి పెద్ద వాటా ఉంది, ఆ సంగతి మన పాఠ్యపుస్తకాల్లో చెప్పవలసినంతగా చెప్పలేదు. 1906లో భారత వాతావరణ శాఖలో చేరిన జార్జ్ సింప్సన్ సిమ్లాలో వానచినుకుల విద్యుదావేశాన్ని కొలిచి, 1909లో ప్రకటించాడు. మబ్బు అడుగున ధనావేశం ఉంటుందన్నాడు. ఇంగ్లండులో భౌతిక శాస్త్రజ్ఞుడు సి.టి.ఆర్. విల్సన్ ‘కాదు, రుణావేశమే’ అన్నాడు. వాదన ఏళ్ల తరబడి సాగింది. చివరికి 1937లో సింప్సనే తోటి శాస్త్రజ్ఞుడు స్క్రేస్‌తో కలిసి బెలూన్లు ఎగరేసి కొలిస్తే, పైన ధనావేశం, నడుమ రుణావేశం, అట్టడుగున చిన్న ధనావేశపు ముద్ద కనిపించాయి. ఇద్దరి మాటలోనూ నిజం ఉందన్నమాట. ఈ కథకు కొనసాగింపు కూడా ఇక్కడే జరిగింది. 2014 డిసెంబరు 1న ఊటీలోని గ్రేప్స్-3 పరిశోధనశాల మీదుగా వెళ్లిన ఉరుముల మబ్బులో 130 కోట్ల వోల్టుల విద్యుత్ పొటెన్షియల్ ఉన్నట్టు, టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ శాస్త్రజ్ఞులు విశ్వకిరణాల వల్ల పుట్టే మ్యుయాన్ కణాల లెక్కతో అంచనా కట్టి 2019లో ప్రకటించారు.

బళ్లారి సీమకు ఈ మబ్బు అంత ముఖ్యమవడానికి కారణం పడమటి కనుమలు. నైరుతి గాలులు తమ వానను కనుమలకే ఇచ్చేసి ఇటు వట్టి చేతులతో వస్తాయి. ఏడాదంతా కలిపినా ఇక్కడ పడేది 500 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. అందులో మిగతా నెలలకంటే ఎక్కువ సెప్టెంబరులో, సాయంత్రాలూ రాత్రులూ ఉరుముతూ కురిసేదే. ‘ఉత్తర చూసి ఎత్తర గంప’ అన్న సామెత ఆ నెలదే. ఉత్తర కార్తెలోనూ చినుకు లేకపోతే గంప నెత్తిన పెట్టుకుని ఊరు వదలవలసిందే. అలాంటి కరువునూ ఈ సీమ చూసింది. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది, మరుసటి ఏడాదే వానలు మొహం చాటేశాయి. 1876-78 మహాకరువు మద్రాసు రాజధానిలోని జిల్లాలను తుడిచిపెట్టినప్పుడు బళ్లారి ముందు వరుసలో ఉంది.

కుడతిని బూడిదదిబ్బ దగ్గర నిలబడితే ఈ వానకోసం ఎదురుచూపు ఎంత పాతదో తెలుస్తుంది. తొలి రోజుల్లో కొందరు దాన్ని అగ్నిపర్వతపు మిగులు అనుకున్నారు. కొత్తరాతి యుగపు పశువుల కాపరులు దొడ్లలో పోగుపడ్డ పేడను తగలబెట్టగా ఇలాంటి దిబ్బలు ఏర్పడ్డాయని, ఉమ్మడి పాలమూరు జిల్లా ఉట్నూరు తవ్వకాల ఆధారంగా పురావస్తు శాస్త్రజ్ఞుడు ఎఫ్.ఆర్. ఆల్చిన్ నిరూపించారు. నాలుగు వేల ఏళ్ల కిందటి ఆ మందలకూ గడ్డి మొలిపించింది వానే.

నేటి కాపరులకు ఆ మబ్బు అడుగునే ప్రాణాపాయం ఉంది. వాన మొదలవగానే గొర్రెలూ మనుషులూ కలిసి వేపచెట్టు కిందికో చింతచెట్టు కిందికో చేరతారు. పిడుగు చెట్టు మీద పడితే కరెంటు వేళ్ల వెంట నేలంతా పాకుతుంది, ఒక్క దెబ్బకు మందలు మందలే పోతాయి. మెరుపు కనిపించాక ఉరుము వినిపించేదాకా లెక్కపెట్టండి. మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. అసలు ఉరుము చెవిన పడిందంటేనే పిడుగు అందే దూరంలో ఉన్నట్టు. పుణె ఉష్ణమండల వాతావరణ సంస్థ తెచ్చిన దామిని యాప్ ఫోన్లో ఉంటే ముందే హెచ్చరిక వస్తుంది. చెట్టు కిందికి మాత్రం వెళ్లకండి. పక్కా ఇంట్లోకో, తలుపులు మూసిన బస్సులోకో చేరండి. చివరి ఉరుము విన్నాక అరగంట ఆగి బయటికి రండి.