ఉప్పునీటి చిత్తడి నేలల్లో కర్బన నిల్వపై గెయిల్ చ్మురా పరిశోధన

గెయిల్ చ్మురా కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో భూగోళశాస్త్ర ఆచార్యురాలిగా పనిచేసిన పర్యావరణ శాస్త్రవేత్త. సముద్రతీరపు ఉప్పునీటి చిత్తడి నేలలు కర్బనాన్ని ఎంత నిల్వ చేస్తాయన్నది ఆమె పరిశోధనాంశాలలో ముఖ్యమైనది.

కర్బనం నిల్వ ఉండే విధానం

ఈ నేలలను సముద్రపు పోటు తరచుగా ముంచెత్తుతుంది. పోటుతో వచ్చిన ఒండ్రు గడ్డి మొక్కల మధ్య మేట వేస్తుంది. చనిపోయిన వేర్లు, ఆకులు ఆ బురదలో పూడుకుపోతాయి. అక్కడ ప్రాణవాయువు చాలా తక్కువ కాబట్టి అవి నెమ్మదిగా కుళ్ళుతాయి. వాటిలోని కర్బనం శతాబ్దాల తరబడి నేలలోనే ఉండిపోతుంది. మంచినీటి చిత్తడి నేలల నుండి మీథేన్ వాయువు ఎక్కువగా వెలువడుతుంది. సముద్రపు నీటిలోని సల్ఫేటు కారణంగా ఉప్పు నేలల్లో దాని ఉత్పత్తి చాలావరకు తగ్గుతుంది.

2003 అధ్యయనం

భూగోళపు కర్బన లెక్కలలో విశాలమైన అడవులు, మైదానాలకే ప్రాధాన్యం ఉండేది. తీరం వెంట చిన్న చిన్న ముక్కలుగా ఉన్న ఈ నేలలు లెక్కలోకి రాలేదు. చ్మురా, మరో ముగ్గురు శాస్త్రవేత్తలు కలిసి వివిధ సముద్రతీరాలలోని 154 ప్రదేశాల సమాచారాన్ని సేకరించి 2003లో ప్రచురించారు. దాని ప్రకారం ఘనపు మీటరు మట్టిలో సగటు కర్బనం ఉప్పునీటి చిత్తడి నేలల్లో 39 కిలోలు, మడ అడవుల్లో 55 కిలోలు. ఈ రెండూ కలిసి ఏటా కనీసం 4.46 కోట్ల టన్నుల కర్బనాన్ని నిల్వ చేస్తాయని వారు అంచనా వేశారు. చైనా, దక్షిణ అమెరికాలలోని ఉప్పునీటి చిత్తడి నేలల విస్తీర్ణం వివరంగా తెలియనందున అసలు విలువ ఇంకా ఎక్కువే ఉండవచ్చని పేర్కొన్నారు.

ఫండీ అఖాతం

కెనడా తూర్పు తీరంలోని ఫండీ అఖాతం అత్యంత ఎత్తైన ఆటుపోట్లకు ప్రసిద్ధి. 17వ శతాబ్దం నుండి అకాడియన్లు అనే ఫ్రెంచి వలసదారులు ఇక్కడ కట్టలు పోసి, ఆటులో తెరుచుకొని పోటులో మూసుకుపోయే తూములు అమర్చి, చిత్తడి నేలలను పొలాలుగా మార్చారు. 2010లో న్యూ బ్రన్స్‌విక్ రాష్ట్రంలోని ఓలాక్ వద్ద ఒక పాత కట్టకు గండ్లు కొట్టి సముద్రపు నీటిని మళ్ళీ లోపలికి రానిచ్చారు. ఆ తరువాతి ఆరేళ్ళలో చదరపు మీటరుకు ఏటా సగటున 1,329 గ్రాముల కర్బనం చేరిందని చ్మురా సహరచయితగా 2018లో వెలువడిన పత్రం తెలిపింది. సమీపంలోని పాత చిత్తడి నేలతో పోలిస్తే ఇది ఐదు రెట్లకు పైగా ఎక్కువ.

ప్రాముఖ్యత

చిత్తడి నేలను ఎండగట్టినపుడు పూడుకున్న కర్బనానికి గాలి తగిలి, అది బొగ్గుపులుసు వాయువుగా వాతావరణంలో కలుస్తుంది. సముద్రమట్టం పెరిగే కొద్దీ ఈ నేలలు నిలవాలంటే ఒండ్రు తగినంత వేగంగా మేట వేయాలి, లేదా నేల లోతట్టుకు జరగడానికి చోటు ఉండాలి. వెనుక కట్టలు ఉన్నచోట ఆ రెండవ అవకాశం ఉండదు. అందువల్ల ఇటువంటి పరిశోధనలు ఏ కట్టను నిలపాలి, దేనిని తొలగించాలి అన్న నిర్ణయాలకు ఆధారమవుతాయి.