మిద్దె మీద తేలిన లెక్క

ఊరు, తేదీలు, నీళ్ల అంకెలు నిజం. మిద్దె మీది మనుషులను మాత్రం ఆనాటి కర్నూలు నుంచి ఊహించి రాశాను.

2009 అక్టోబరు 1, రాత్రి. కర్నూలు పాత ఊళ్లో హంద్రీకి దగ్గరగా ఒక సందు. వీధి కాలువ వెనక్కి తన్ని నీళ్లు గడప దాటాయి. కూతురు బియ్యం డబ్బా నెత్తిన పెట్టుకుని మెట్లెక్కుతోంది. వెనకాల మనవణ్ని చంకనెత్తుకుని తండ్రి.

"నాయనా, బీరువాలో పట్టా పుస్తకాలు ఉండాయి..."

"ఎత్తుకున్న్యాలేమ్మా. నువ్వు పైకి నడువు."

ఆయనది అనంతపురం జిల్లా బెళుగుప్ప వైపు పల్లె. ఏడెకరాల ఎర్రనేల, ఎండిపోయిన రెండు బోర్లు. ఆ ఏడు దేశమంతటా నైరుతి రుతుపవనాలు 22 శాతం తక్కువ పడ్డాయి. 1972 తర్వాత అంత లోటు ఎన్నడూ లేదు. సెనక్కాయ విత్తనానికి డబ్బు చాలక కూతురి గాజులు బ్యాంకులో కుదువ పెట్టాడు. చెట్టు ఊడ దిగే వేళకు వాన మొహం చాటేసింది. గాజులు ఈ ఏడు విడిపించలేనని ఎదురుగా నిలబడి చెప్పాలని బస్సెక్కి వచ్చాడు. అల్లుడు పనిమీద హైదరాబాదులో ఉన్నాడు. గాజుల మాట ఎట్లా ఎత్తాలా అని ఆలోచిస్తుండగానే నీళ్లొచ్చాయి.

తెల్లారేసరికి గాంధీ జయంతి. ఒక పక్క తుంగభద్ర, ఇంకో పక్క హంద్రీ, దిగువన నిండుగా ఉన్న శ్రీశైలం జలాశయం. ఆ మూడింటి మధ్య కర్నూలు ఇరుక్కుపోయింది. పల్లపు వీధుల్లో కింది అంతస్తు కనబడకుండా పోయింది. గ్యాస్ సిలిండర్లు, మంచాలు, బర్రె కళేబరాలు కొట్టుకుపోతున్నాయి. ఎగువన మంత్రాలయం మఠంలోకి నీళ్లు చేరాయి. నదికి అవతల అలంపూర్ మునిగింది. ఉత్తర కర్ణాటకలో రాయచూరు, బాగల్‌కోట వైపు కురిసిన వాన, ఇటు కర్నూలు, మహబూబ్‌నగర్‌లలో కురిసిన వాన, అన్నీ ఒకే రోజుల్లో ఒకే లోయలోకి దిగాయి.

మిద్దె మీద సింటెక్స్ ట్యాంకులో సగానికి తక్కువ నీళ్లున్నాయి. పంచుకోవాల్సింది నాలుగు కుటుంబాలు. ముసలాయన ఎవరూ అడక్కుండానే ఆ పని తన మీద వేసుకున్నాడు. పెద్దవాళ్లకు చెంబు, పిల్లలకు అరచెంబు, మొహం కడుక్కునేదానికి లేదు. చెంబు వంచేటప్పుడు చుక్క కింద పడకుండా అడుగున ఎడమ అరచెయ్యి పట్టేవాడు. చేతిలో పడిన తడిని మనవడి పెదాలకు రాసేవాడు. ట్యాంకరు కోసం బిందెల వరసలో ఏళ్లు గడిపిన మనిషికి అది అలవాటైన పనే. నాలుగు పక్కలా నదిని పెట్టుకుని, తాగే నీళ్లు కొలిచి పోస్తున్నాడు.

పక్క వాటాలో ఉండే రిటైర్డు ఇంజనీరు అదంతా చూస్తున్నాడు. నీటిపారుదల శాఖలో ముప్పై ఏళ్లకు పైగా చేసిన మనిషి. మధ్యాహ్నం వేళ ముసలాయన పిట్టగోడ దగ్గరకొచ్చి ఆయన్నే అడిగాడు.

"సారూ, ఈ నీళ్లన్నీ యాడికి పోతాయి?"

"శ్రీశైలం, సాగర్, బెజవాడ. ఆ తర్వాత సముద్రానికి పెద్దాయనా."

"మా పక్క తిప్పేదానికి కాదా? మీరు చదువుకున్నోళ్లు గదా. ఒక్క దినం నీళ్లు సాలు మాకు."

నదుల అనుసంధానం మీద ఎన్ని కమిటీలు కూర్చున్నా, అసలు ప్రశ్న ఇదే. కృష్ణా జిల్లా కంకిపాడులో పుట్టిన కె.ఎల్. రావు గారు 1972లో గంగా కావేరీ లింకు ప్రతిపాదించింది దీనికి జవాబుగానే. ఇంకా వెనక్కి వెళితే, కర్నూలుకు కాస్త ఎగువన సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట కట్టి కడప దాకా కాలువ తవ్విన మద్రాసు ఇరిగేషన్ కంపెనీ వాళ్లనూ ఇదే ప్రశ్న నడిపించింది. కె.సి. కెనాల్ 1860లలో మొదలైన పని. 1937 శ్రీబాగ్ ఒడంబడికలో రాయలసీమ పెద్దలు కృష్ణా, తుంగభద్ర నీళ్లలో తమకు ముందు వాటా కావాలని రాయించుకున్నారు. అంటే ముసలాయన అడిగింది కొత్త కోరిక కాదు, పాత బాకీ.

ఇంజనీరు చిన్న ఇటుక పెచ్చు తీసుకుని పిట్టగోడ మీద రాయడం మొదలుపెట్టాడు.

"లక్ష క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఎనిమిదిన్నర టీఎంసీలు, ఇంకొంచెం ఎక్కువ. శ్రీశైలానికి ఇరవై ఐదు లక్షలు వస్తోందంట. అది రోజంతా అట్లే పారితే ఎంత?"

ముసలాయనకు టీఎంసీ తెలియదు. ఎన్ని చెరువులని అడిగాడు.

"చెరువులతో తేలదు. శ్రీశైలం డ్యాం ఉంది చూడు, అది అడుగు నుంచి అంచు దాకా ఒక్క రోజులో నిండుతుంది."

అంకెలు సరిగ్గానే ఉన్నాయి. ఇరవై ఐదు లక్షల క్యూసెక్కులు ఒక రోజుకు 216 టీఎంసీలు. పూడిక పోను శ్రీశైలం నిల్వ దాదాపు అంతే. గరిష్ఠ వరద రోజంతా అదే మట్టాన నిలవదు, నిజమే. కానీ కాలువల సంగతి చూడండి. సీమకు నీళ్లు పోయే పోతిరెడ్డిపాడు తూముల పాత సామర్థ్యం 11,150 క్యూసెక్కులు. అంటే రోజుకు ఒక టీఎంసీ కూడా నిండదు. 2005లో తలపెట్టిన విస్తరణ ప్రకారం 44,000 అనుకున్నా రోజుకు 3.8 టీఎంసీలు. ఆ వరదలో వందకు రెండు పాళ్లు కూడా లేదు.

"ఐతే కాదంటారు," అన్నాడు ముసలాయన.

"వరదను కాలువలోకి తోయలేం పెద్దాయనా. అంత కాలువ తవ్వితే అదే ఇంకో నది. ఏడాదంతా ఎండి పడుంటుంది, నాలుగు రోజులు పారుతుంది."

"నేను వరద అడగల్యా సారూ. నీళ్లు అడిగినా."

ఇంజనీరు ఇటుక పెచ్చు గోడ మీద పెట్టేశాడు.

ఈ సంభాషణ నేను ఊహించిందే అయినా, ఆ చివరి మాట దగ్గర ఆగక తప్పదు. "వరద ప్రాంతం నుంచి కరువు ప్రాంతానికి నీళ్లు తరలించాలా" అని వాదించుకునేటప్పుడు రెండు పక్షాలవాళ్లూ మనసులో పెట్టుకునేది అక్టోబరు 2నే. సముద్రం పాలవుతోందని ఒకరు గుండెలు బాదుకుంటారు, ఆ ఉధృతిని పట్టే మోటారు లేదని ఇంకొకరు కొట్టిపారేస్తారు. పట్టుకోవాల్సింది ఆ రోజును కాదు. దానికి ముందు నది మామూలుగా పారే రోజులను. 44,000 క్యూసెక్కుల చొప్పున అరవై రోజులు తీసుకుంటే 228 టీఎంసీలు, అంటే ఆ భయంకరమైన రోజు మొత్తానికంటే ఎక్కువ. కృష్ణా నీళ్లను సీమకు ఎత్తిపోసే హంద్రీ నీవా పథకానికి ఏడాదికి కేటాయించింది 40 టీఎంసీలు. గరిష్ఠ వరదలో అది నాలుగున్నర గంటల నీళ్లే.

ఇందులో ఇంకో మెలిక ఉంది. శ్రీశైలాన్ని ముందే ఖాళీ చేసి ఉంచితే కర్నూలుకు ఇంత ముప్పు వచ్చేది కాదన్న విమర్శ అప్పట్లోనే గట్టిగా వినిపించింది. ముందే ఎందుకు వదల్లేదు? అది కరువు ఏడాది. చేతికందిన నీళ్లు కిందికి వదిలేశాక వాన రాకపోతే జవాబు చెప్పాల్సింది డ్యాం మీది మనిషే. కరువు భయం జలాశయాన్ని నింపింది, నిండిన జలాశయంలో వరదకు చోటు లేకపోయింది. పూర్తి మట్టం 885 అడుగులైతే ఆ వరదలో 896 దాటింది. పన్నెండు గేట్లూ ఎత్తినా ఆగలేదు. సీమలో దాచుకునే చోటు ఉండి ఉంటే, ఆగస్టు, సెప్టెంబరుల్లో వచ్చిన కొద్దిపాటి నీళ్లూ అక్కడికి చేరేవి. డ్యాంలో కొంత ఖాళీ మిగిలేది. కర్నూలు మునక పూర్తిగా తప్పేదని నేను అనను, తుంగభద్ర, హంద్రీల సొంత పోటే అంత పెద్దది. కొన్ని అడుగులైనా తగ్గేదని మాత్రం నమ్ముతాను. ఆ కొన్ని అడుగుల్లోనే ఎన్ని ఇళ్లుంటాయో ఆ మిద్దె మీద ఉన్నవాళ్లకు తెలుసు.

అందుకే నా దృష్టిలో నీటి తరలింపు దాహం తీర్చే పని మాత్రమే కాదు, వరద ఊళ్లను కాపాడే పని కూడా. తరలించాలి. కానీ పని మొదలు కావాల్సింది నది దగ్గర కాదు, నీళ్లు చేరే చోట.

ఆ చోటు మీద కూడా ఎవరి ఊరో ఒకటి ఉంటుంది. శ్రీశైలం కోసం 1981లో వంద దాకా పల్లెలను ఖాళీ చేయించారు, ఇళ్లు కూలగొట్టించారు. సీమలోని గండికోట జలాశయాన్ని పూర్తి సామర్థ్యం 26.85 టీఎంసీలకు నింపింది 2020లో. తాళ్లప్రొద్దుటూరు లాంటి ఊళ్ల జనానికి పరిహారం, పునరావాసం తేలక అంతవరకూ కట్టిన కట్ట ఉండీ సగం ఖాళీగానే ఉండింది. కాలువకు వేల కోట్లు ముందే దొరుకుతాయి, ఊరు వదిలేవాళ్ల డబ్బు చివరికి మిగులుతుంది. ఈ వరస తిరగబడాలి. నదికి అవతలి గట్టున పాలమూరు ఉందని కూడా మరిచిపోకూడదు. అలంపూర్ మునిగిన రోజునే దాని వెనకాల పల్లెలు వలసల పల్లెలు. కృష్ణా పరివాహకంలో ఉన్న మా పొలాలు ఎండగా పెన్నా వైపు నీళ్లెలా పోతాయని తెలంగాణ అడుగుతోంది. అది తోసిపుచ్చే ప్రశ్న కాదు. పాలమూరుకూ సీమకూ కలిపి రోజుల లెక్క రాసుకుంటే తప్ప దీనికి దారి లేదు.

వరద దిగువకు పోయింది. నాగార్జునసాగర్‌లో ఇంకా ఖాళీ ఉండబట్టి పోటు కొంత చల్లారింది. అయినా ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి, 1903 నాటి రికార్డు చెరిగిపోయింది. గుంటూరు జిల్లా ఓలేరు దగ్గర కరకట్ట తెగి డెల్టా పల్లెలు నీట మునిగాయి. 2024 సెప్టెంబరులో ఆ రికార్డూ పోయింది, ఈసారి 11.43 లక్షలు.

కర్నూల్లో నీళ్లు తీశాక గదుల్లో మోకాటి లోతు బురద. తండ్రీ కూతుళ్లిద్దరూ పారలతో ఎత్తి పోస్తుంటే, గాజుల సంగతి ఆయన అప్పుడు చెప్పాడు.

"బ్యాంకులో ఉండబట్టి మిగిలినాయి నాయనా. ఇంట్లో ఉంటే ఈ బురదలో యాడ ఎతికేది," అంది.

2012లో హంద్రీ నీవా కింద మాల్యాల దగ్గర ఎత్తిన కృష్ణా నీళ్లు మెట్టు మెట్టుగా ఎక్కి, 216 కిలోమీటర్లు నడిచి, ఆయన ఊరికి దగ్గర్లోని జీడిపల్లి జలాశయానికి చేరాయి. చూడటానికి మనవణ్ని వెంటబెట్టుకుని వెళ్లాడు. ఫోన్లో ఇంజనీరుకు ఆ కబురు చెప్పాడు.

"చూశావా పెద్దాయనా, వచ్చాయి కదా!"

"వచ్చినాయి సారూ, మీ పుణ్యమా అని. మా చెరువుకు ఇంగా రాల్యా. వదిలినా నిలవవు. తూము ఇరిగిపోయి పన్నెండేండ్లాయ, కట్టకు బొక్కలు పడినాయి. మీ ఆఫీసులో తెలిసినోళ్లు ఎవరన్నా ఉంటే ముందు ఆ తూము పని పెట్టించండి."

"అర్జీ రాసి పంపు. ఆయకట్టు ఎంతో, తూము ఎన్ని అడుగులో కొలిచి రాయి. నేనే వెళ్లి ఇస్తా."

"మనవడు రాస్తాండాడు. రేపు పోస్టులో ఏస్తా."