పిల్లల్లో పాముకాటు

విషపు పాము కరిస్తే పెద్దల కంటే పిల్లల్లోనే ప్రమాదం త్వరగా ముదురుతుంది. పాము మనిషి సైజు చూసి విషం వదలదు. అంతే విషం పన్నెండు కిలోల ఒంట్లోకి ఎక్కితే దాని ఉధృతి ఎక్కువ. భారతదేశంలో 2000 నుంచి 2019 దాకా పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని అంచనా. వారిలో నాలుగోవంతుకు పైగా 15 ఏళ్ల లోపువారే. ఎక్కువ మరణాలు నమోదైన రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది.

నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర ప్రధానమైనవి. పింజర కాటుకు వాపు, నొప్పి వస్తాయి, రక్తం గడ్డకట్టదు. రక్తపింజరైతే మూత్రపిండాలూ దెబ్బతినవచ్చు. రక్తం గడ్డకడుతోందో లేదో తెలుసుకోవడానికి కొద్దిగా రక్తం తీసి, శుభ్రమైన గాజు గొట్టంలో 20 నిమిషాలు కదపకుండా ఉంచి వంచి చూస్తారు. అప్పటికీ గడ్డకట్టకపోతే విషం ఎక్కినట్టే. ఏ చిన్న ఆసుపత్రిలోనైనా చేయగల పరీక్ష ఇది.

కట్లపాముతోనే చిక్కు. రాత్రిపూట, నేలమీద పడుకున్నవారిని కరుస్తుంది. నొప్పి పెద్దగా ఉండదు, వాపు రాదు, గాటు కూడా కనపడకపోవచ్చు. తెల్లవారుజామున బిడ్డ కడుపునొప్పని ఏడిస్తే, వాంతి చేసుకుంటే ఇంట్లోవాళ్లు అజీర్తి అనుకుంటారు. కాసేపటికి రెప్పలు వాలతాయి, మాట ముద్దగా వస్తుంది, మెడ నిలవదు, చివరికి ఊపిరి కండరాలు పనిచేయవు. ఒళ్లంతా చచ్చుబడి, కంటిపాపలు వెలుగుకు స్పందించకపోయినా బిడ్డకు స్పృహ ఉండవచ్చు. అంతమాత్రాన ప్రాణం పోయిందని తేల్చకూడదు.

చికిత్సకు ఆధారం విషానికి విరుగుడైన యాంటీవీనమ్. పాము విషాన్ని గుర్రాలకు కొద్దికొద్దిగా ఎక్కించి, వాటి రక్తం నుంచి దీన్ని తయారుచేస్తారు. అందుకు కావలసిన విషంలో చాలా భాగం తమిళనాడులో 1978లో ఏర్పడిన ఇరుల తెగవారి సహకార సంఘం అందిస్తోంది. పిల్లలకు మందు తగ్గించి ఇవ్వడం పొరపాటు: హరించాల్సింది విషాన్ని కనుక మోతాదు పెద్దలకెంతో వారికీ అంతే, మొదట సాధారణంగా 10 వయల్స్. బరువును బట్టి తగ్గించేది మందు కలిపి ఎక్కించే సెలైన్‌నే. మందు పడక దద్దుర్లు, ఆయాసం వస్తే వెంటనే అడ్రినలిన్ ఇవ్వాలి. దాని మోతాదు మాత్రం బరువును బట్టే. కట్లపాము విషం నరాల కొసలను ఒకసారి దెబ్బతీశాక యాంటీవీనమ్ దాన్ని సరిచేయలేదు. అవి కోలుకునేదాకా, ఒక్కోసారి రోజుల తరబడి, వెంటిలేటరే దిక్కు.

కాటు పడ్డ బిడ్డను నడిపించకూడదు. ఆ కాలినో చేతినో కదలకుండా బద్దకట్టి, ఎత్తుకుని ఆసుపత్రికి తీసుకెళ్లాలి. బిగించి కట్టు కట్టడం, గాటు పెట్టడం, నోటితో పీల్చడం, పసరు పోయడం హానికరం. మంత్రం వేయిస్తూ కూర్చోవడం వల్ల పోయేది విలువైన సమయం. మంత్రగాళ్లకు పేరు రావడానికి ఎక్కువగా విషం లేని పాముల కాట్లే కారణం. విషపు పాము కాట్లలోనూ కొన్నిసార్లు విషం దిగదు, ఆ పేరూ మంత్రానికే పోతుంది.

ఇంటికి వెళ్లాక వారం, రెండు వారాలకు జ్వరం, కీళ్లనొప్పులు, దద్దుర్లు కనిపిస్తే అవి మందుకు ఒళ్లు ఆలస్యంగా చూపే ప్రతిస్పందన కావచ్చు. మళ్లీ వైద్యుడికి చూపించాలి.